ఎల్‌ఎస్‌డీ లేని కారు ట్రాక్‌కు పనికిరాదా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఏడాదికి మూడు నాలుగుసార్లు చెన్నై దగ్గర ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద తిప్పే రోజులకు, వెళ్లాలని ఉంది. అన్నీ కలిపి బడ్జెట్ 8 లక్షలు. రెండు కార్లు చూశాను. ఒకటి 2021 పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్, ఆరున్నర లక్షలు చెబుతున్నారు. రెండోది 2010 బీఎండబ్ల్యూ 3 సిరీస్ పెట్రోల్, ఏడు లక్షలు. దాని వెనక డిఫరెన్షియల్‌లో (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) ఎల్‌ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, వేయించామని అమ్మే ఆయన అంటున్నారు. ఎల్‌ఎస్‌డీ లేని కారు ట్రాక్ మీద దండగ, బీఎండబ్ల్యూనే తీసుకో అని స్నేహితుడు పట్టుబడుతున్నాడు. పోలో తీసుకుంటే ఆటోనగర్‌లో డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయించుకుంటే సరిపోతుందని ఇంకొకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: పోలో తీసుకోండి. డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ మాత్రం చేయించకండి. ఎల్‌ఎస్‌డీ మంచి వస్తువే, దాని విలువ తక్కువేమీ కాదు. కానీ మీ బడ్జెట్‌లో, 110 హార్స్‌పవర్ కారులో, మొదటి ఏడాది కారును ఎంపిక చేయాల్సిన కారణం అది కాదు. ఎందుకో వివరంగా చెబుతాం. లెక్క ఒకసారి అర్థమైతే రేపు ఇంకో కారు చూసినా మీరే తేల్చుకోగలరు.

మీ వైపు పొలాల్లో ట్రాక్టర్ దమ్ము చేయడం చూసే ఉంటారు. ఒక వెనక చక్రం బురదలో దిగి ఉత్తినే తిరుగుతుంటే, రెండోది గట్టి నేల మీదే ఉన్నా బండి కదలదు. డ్రైవర్ మడమతో డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కగానే రెండు చక్రాలూ ఒకటై బండి బయటికొస్తుంది. గట్టు దగ్గర మలుపు తిప్పేముందు ఆ పెడల్ వదిలేయాలి, లేకపోతే బండి తిరగనని మొండికేస్తుంది. మీ సందేహానికి మూలమంతా ఇందులోనే ఉంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. అందువల్ల పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలదో రెండోదానికీ అంతే అందుతుంది. లాక్ వేస్తే పట్టు దొరుకుతుంది గానీ మలుపు తిరగదు. ఈ రెండింటికీ మధ్య ఉండేది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అదే ఎల్‌ఎస్‌డీ. తిరగాల్సినప్పుడు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, ఒకటి జారడం మొదలుపెడితే రెండోదానికి ఎక్కువ బలం పంపిస్తుంది.

ట్రాక్ మీద బురద ఉండదు కదా, మరి చక్రం ఎందుకు జారుతుంది? మలుపులో కారు బరువు బయటి చక్రాల మీదికి వెళ్లిపోతుంది కాబట్టి. పోలోకే లెక్క వేద్దాం, దాన్ని లాగేవి ముందు చక్రాలే. డ్రైవర్‌తో కలిపి 1,150 కిలోలు అనుకోండి. అందులో 60 శాతం ముందు ఇరుసు మీద, అంటే ఒక్కో ముందు చక్రం మీద 345 కిలోలు. ఇరుకు మలుపులో కారును పక్కకు లాగే బలం దాని బరువులో 80 శాతం దాకా ఉందనుకుంటే, ముందు లోపలి చక్రం నుంచి 190 కిలోల దాకా బయటి చక్రం మీదికి పోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు చక్రాల నుంచి ఇంకో పాతిక కిలోల చొప్పున వెనక్కి వెళతాయి. చివరికి లోపలి చక్రం మీద మిగిలేది 130, బయటి దాని మీద 510.

ఆ 130 కిలోల్లోనూ టైరు పట్టు చాలావరకు కారును మలుపులో నిలబెట్టడానికే ఖర్చవుతుంది. కారును ముందుకు తోయడానికి మిగిలేది 80 కిలోల బలం. మామూలు డిఫరెన్షియల్ కాబట్టి బయటి చక్రానికీ 80 మాత్రమే. మొత్తం 160. రెండో గేర్‌లో ఈ ఇంజిన్ చక్రాల దగ్గర 400 కిలోల దాకా ఇవ్వగలదు. సగానికి పైగా ఇంజిన్ బలం లోపలి టైరును అరగదీయడానికే పోతోందన్నమాట. ఇదే చోట 2.5 నిష్పత్తి ఉన్న, అంటే లోపలి చక్రం బలానికి రెండున్నర రెట్లు బయటికి పంపే, హెలికల్ (గేర్ల రకం) ఎల్‌ఎస్‌డీ ఉంటే లోపలి చక్రానికి 80, బయటిదానికి 200, కలిపి 280. తేడా చిన్నది కాదు. మీ స్నేహితుడి మాటలో నిజం ఉన్నది ఇక్కడే.

అదే మలుపులో ఇంకొంచెం ముందుకొచ్చి చూడండి. స్టీరింగ్ సగం విప్పారు, పక్కకు లాగే బలం 40 శాతానికి తగ్గింది. లోపలి చక్రం మీద ఇప్పుడు 225 కిలోల బరువుంది. ముందుకు తోయడానికి ఒక్కో వైపు 200, మొత్తం 400 కిలోల బలాన్ని మామూలు డిఫరెన్షియల్ కూడా కింద పెట్టగలదు. మూడో గేర్‌లో ఇంజిన్ ఇవ్వగలిగేది 270 కిలోలే. అంటే చక్రం జారదు, ఎల్‌ఎస్‌డీకి అక్కడ పనే లేదు. 110 హార్స్‌పవర్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలతో నడిచే) కారులో ఎల్‌ఎస్‌డీ ఆదుకునేది రెండో గేర్ మలుపుల్లో, అదీ స్టీరింగ్ ఇంకా తిప్పి ఉన్న ఒకటి రెండు క్షణాల్లో. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్ చుట్టు 3.7 కిలోమీటర్లు. అందులో మీరు రెండో గేర్‌కు దిగే మలుపులు ఎన్నో మొదటి రోజే లెక్కపెట్టుకోండి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి చిన్న ట్రాక్‌లలో మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ లాభం కొంత ఎక్కువ. ఇంజిన్ బలం పెరిగేకొద్దీ మూడో గేర్‌లో కూడా 400 దాటిపోతుంది. 150 హార్స్‌పవర్ పైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే, లేదా రీమ్యాప్ చేయించిన (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి బలం పెంచిన) టర్బో అయితే మా జవాబు మారేది. గోల్ఫ్ జీటీఐ లాంటి కార్లకు కంపెనీయే ముందు ఇరుసులో ఎలక్ట్రానిక్ లాక్ ఇస్తున్నది అందుకే.

ఎల్‌ఎస్‌డీ అనే పేరు కింద చాలా రకాలు చలామణీలో ఉన్నాయి. అమ్మేవాళ్లు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ట్రాక్ కారుకు పనికొచ్చేవి రెండు. ఒకటి ప్లేట్ల రకం. లోపల క్లచ్ ప్లేట్లు పేర్చి ఉంటాయి, తోపు పెరిగేకొద్దీ అవి బిగుసుకుంటాయి. ఒక చక్రం గాల్లోకి లేచినా రెండోది లాగుతుంది. కానీ ప్లేట్లు అరుగుతాయి, మలుపులో నెమ్మదిగా వెళ్లేటప్పుడు టకటక మంటాయి. ముఖ్యంగా ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ రెండింటికీ ఒకే ఆయిల్ కాబట్టి ప్లేట్ల అరుగుడు పొడి పోయి, గేర్లు నున్నగా పడేలా చేసే సింక్రో రింగుల్లో కూర్చుంటుంది. రెండో రకం హెలికల్, టోర్సెన్, క్వైఫ్ లాంటివి. అన్నీ గేర్లే, అరిగే ప్లేట్లు లేవు. గేర్‌బాక్స్‌కు కంపెనీ చెప్పిన ఆయిలే చాలు, సర్వీసు అంటూ ప్రత్యేకంగా ఏమీ ఉండదు. దీని లోపం ఒక్కటే. ఇది లోపలి చక్రం బలాన్ని రెండున్నర రెట్లు చేసి బయటికి పంపుతుంది. చక్రం పూర్తిగా గాల్లో ఉంటే సున్నాకు ఎన్ని రెట్లు వేసినా సున్నాయే. ముందు చక్రం ట్రాక్ అంచునుండే కెర్బ్ మీద ఎగిరిన ఆ క్షణంలో ఇది మామూలు డిఫరెన్షియలే. అయినా రోడ్డు మీదా ట్రాక్ మీదా రెండు చోట్లా తిరిగే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు మేం చెప్పేది హెలికలే.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్ల బ్రోషర్లలో ఎక్స్‌డీఎస్ అని కనిపిస్తుంది. అది డిఫరెన్షియల్ కాదు, బ్రేకుల పని. జారే లోపలి చక్రానికి కంప్యూటర్ కొంచెం బ్రేకు వేస్తుంది, దాంతో బయటి చక్రానికి బలం పెరుగుతుంది. రోడ్డు మీద చక్కగా ఉంటుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు ఆగకుండా తిప్పితే ఆ బ్రేకుల వేడి మీ ప్యాడ్ల మీదే పడుతుంది. ఇక థార్‌లో వచ్చే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ సంగతి వేరు. తక్కువ వేగంలో, బురదలో ఇసుకలో ఒక చక్రం విపరీతంగా తిరిగితే టక్కున లాక్ అయ్యే ఏర్పాటు అది. ట్రాక్ పనికి దానితో సంబంధం లేదు.

వెల్డింగ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. డిఫరెన్షియల్ లోపలి స్టార్ పినియన్లను, అంటే చిన్న గేర్లను, వెల్డ్ చేస్తే రెండు చక్రాలు శాశ్వతంగా ఒకటైపోతాయి. ట్రాక్టర్ లాక్ పెడల్ తొక్కి అలాగే ఉంచేసినట్టు. ముందు చక్రాలతో నడిచే కారులో అలా చేస్తే ప్రతి మలుపులో స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, తిప్పనివ్వదు. ఆ బిగింపు ఎక్కడో ఒకచోట తీరాలి కదా. టైరు జారి తీరుతుంది, లేదా చక్రానికి బలం చేర్చే సీవీ జాయింట్ పగులుతుంది, లేదా డ్రైవ్ షాఫ్ట్ తెగుతుంది. గట్టిపరిచిన ఉక్కు గేరు మీద వెల్డ్ వేస్తే దాని పక్కన లోహం పెళుసవుతుంది, అక్కడ చిట్లిన ముక్క గేర్‌బాక్స్‌లో పడితే కేసింగే పోతుంది. పైగా మీరు ఈ కారులోనే ఒంగోలు, నెల్లూరు మీదుగా 400 కిలోమీటర్లు పోయి రావాలి. వానలో హైవే వంపు మీద రెండు ముందు చక్రాలూ ఒక్కసారే పట్టు వదిలేస్తే సరిదిద్దుకునే వ్యవధి దొరకదు. నాలుగైదు వేల పనికి ఒప్పుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

ఇప్పుడు బీఎండబ్ల్యూ. వెనక చక్రాలతో నడిచే కారు ట్రాక్ మీద గొప్ప అనుభవం, కాదనం. తొక్కినప్పుడు బరువు వెనక్కి వస్తుంది కాబట్టి అంతే పవర్‌కు మామూలు డిఫరెన్షియల్‌తో కూడా ముందు చక్రాల కారు కంటే తక్కువ జారుతుంది. కానీ ఆ తరం మామూలు 3 సిరీస్‌కు కంపెనీ ఎల్‌ఎస్‌డీ ఇవ్వలేదు. తన ఎం అనే స్పోర్ట్స్ కార్లకే ఇచ్చింది. కాబట్టి ‘వేయించాం’ అన్న మాటను పరీక్షించి తీరాలి. పరీక్ష మీరే చేయవచ్చు, అరగంట పని.

ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు పెట్టండి. వెనక భాగం జాకీతో లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. జాకీ మీద వదిలేసి కింద చేతులు పెట్టొద్దు. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్, లేదా ముందస్తు బిగింపు లేని హెలికల్, లేదా ప్లేట్లు అరిగిపోయిన ఎల్‌ఎస్‌డీ. అదే దిశలో తిరిగితే ప్లేట్ల రకం, లేదా వెల్డింగ్. ఈ రెండింటినీ విడదీయడానికి ఒక చక్రాన్ని నేల మీదికి దింపి, లేచి ఉన్న చక్రం హబ్ నట్టుకో వీల్ బోల్టుల మీద బిగించిన పట్టీకో, తిప్పే బలాన్ని అంకెల్లో చూపే టార్క్ రెంచ్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. అసలు కదలకుండా కారునే తోయబోతే అది వెల్డింగ్. ఒక స్థిరమైన బిగింపుతో, అంటే రెంచ్ మీద అంకె చూపిస్తూ, నున్నగా తిరిగితే ప్లేట్లు బాగున్నాయి. ప్లేట్ల రకం ఎల్‌ఎస్‌డీ ఉందని చెప్పి రెంచ్ మీద దాదాపు సున్నా చూపిస్తే ప్లేట్లు అరిగిపోయాయి. ఆ స్థితిలో మీరు కొంటున్నది మామూలు డిఫరెన్షియలే. యూనిట్ కొన్న బిల్లు అడగండి, డిఫరెన్షియల్ ఆయిల్ ప్లగ్ విప్పి ఆయిల్ చూడండి. బూడిద రంగు పేస్టు మామూలే, వేలికి తగిలే లోహపు పలుకులు వస్తే అక్కడి నుంచి వచ్చేయండి. కారు లేపి చూడటానికే ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

ఎల్‌ఎస్‌డీ నిజంగానే ఉందనుకుందాం, అయినా మీ బడ్జెట్‌కు ఆ కారు బరువే. ఏడు లక్షలు పెట్టి కొన్నాక లక్షే మిగులుతుంది. అన్నేళ్ల కారులో రేడియేటర్ ట్యాంకు, నీళ్ల గొట్టాల కొసలు, విస్తరణ ట్యాంకు అన్నీ ప్లాస్టిక్కే. చెన్నై ఎండలో నాలుగో ల్యాప్‌లో పగిలేవి ఇవే. 2010 మోడల్ అంటే రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల గడువు సంగతి కూడా ఆర్సీలో చూడాలి. పోలోకు ప్యాడ్లు, డిస్కులు, వీల్ బేరింగులు గుంటూరులోనో విజయవాడలోనో దొరుకుతాయి. ట్రాక్ కారును ఏడాది పొడవునా నడిపించేది అదే.

పోలో కొన్నాక మిగిలిన లక్షన్నరను ఏ వరుసలో ఖర్చుపెట్టాలో చెబుతాం. అన్నిటికంటే ముందు బ్రేకులు. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, డాట్ 4కు 230. కానీ తేమ పీల్చుకున్నాక డాట్ 4 కూడా 155కు దిగిపోవచ్చు. మన కోస్తా తేమలో రెండేళ్ల పాత ఫ్లూయిడ్‌తో ట్రాక్‌కు వెళ్తే ఆరేడు ల్యాపుల్లో పెడల్ నేలకు అంటుకోవచ్చు. సీసా మూత అప్పుడే తీసిన మంచి డాట్ 4 లీటరు తెచ్చి నాలుగు చక్రాలకూ బ్లీడ్ చేయించండి, అంటే పాత ఫ్లూయిడ్, గాలి బయటికి పంపించి కొత్తది నింపించండి. మొదటి ట్రాక్ డే తర్వాత మళ్లీ ఒకసారి. ముందు ప్యాడ్లు వేడిని తట్టుకునే రకం వేయించి, పాత ప్యాడ్లను డిక్కీలో ఉంచుకోండి. తిరుగు ప్రయాణం అవే చేయిస్తాయి. ఆ తర్వాత టైర్లు, నాలుగూ ఒకే కంపెనీ ఒకే మోడల్. లోపలి చక్రానికి మిగిలిన ఆ 80 కిలోలను 90 చేసేది మంచి టైరే, మామూలు డిఫరెన్షియల్ ఆ పదిని బయటి చక్రానికీ ఇస్తుంది. ఆపైన అలైన్‌మెంట్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్.

డిఫరెన్షియల్ జోలికి పోకుండానే లోపలి చక్రం జారడం తగ్గించే ఉపాయం ఒకటుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కారు ఒరుగుతోందని ముందు యాంటీ రోల్ బార్ లావుది వేయిస్తారు. దాంతో లోపలి ముందు చక్రం ఇంకా తేలిపోయి ఇంకా జారుతుంది. గట్టిపరచాల్సింది వెనక వైపు. వెనక గట్టిగా ఉంటే లోపలి వెనక చక్రం లేస్తుంది, ముందు లోపలిది నేలను పట్టుకుంటుంది. పోలోలో వెనక చక్రం లేచినా నష్టం లేదు, అది బండిని లాగే చక్రం కాదు. అయితే వెనక మరీ గట్టిపరిస్తే యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు తోక తిరుగుతుంది. కాబట్టి ఒక మెట్టు మాత్రమే పెంచి, పొడి ట్రాక్ మీద అలవాటు చేసుకోండి.

ఇక మీ కాలు. మలుపు మధ్యలో లోపలి టైరు కూయడం వినిపించిందా, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైందా, యాక్సిలరేటర్ పావు వంతు వదలండి. ఇంకా గట్టిగా తొక్కితే కారు వేగం పెరగదు, ముక్కు బయటికి పోతుంది. ఇది నేర్చుకున్నవాళ్లే రేపు ఎల్‌ఎస్‌డీ వేసుకున్నప్పుడు దాని లాభం పూర్తిగా తీసుకోగలరు. దానితో నడపడం ఇంకో తీరు. కొంచెం ముందుగా తొక్కితే బయటి చక్రం లాగి ముక్కును లోపలికి తెస్తుంది, తొక్కడానికి సందేహిస్తే ఏ లాభమూ ఉండదు.

ఎప్పుడు వేయించాలి? క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ ఎలాగూ దించిన రోజు. యూనిట్, దిగుమతి సుంకం, కొత్త సైడ్ బేరింగులు, కూలీ కలిపితే లక్షకు పైమాటే, అందులో దించి ఎక్కించే కూలీ అయినా క్లచ్ పనితో కలిసొస్తుంది. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ గేర్‌బాక్సుల్లో క్రౌన్ వీల్‌ను (డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద గేరు) రివెట్లతో బిగించి ఉంటారు. తలలు డ్రిల్ చేసి తీసి, అధిక బలం బోల్టులతో, ఎదురెదురుగా, చెప్పిన టార్క్‌కు బిగించాలి. సైడ్ బేరింగుల బిగింపు షిమ్‌లతో, అంటే పలచని రేకు బిళ్లలతో, సరిచేయాలి. పలచనైతే డిఫరెన్షియల్ కదిలి గేర్ల పళ్లు తింటుంది, మందమైతే బేరింగ్ కాలి నీలం రంగు తిరుగుతుంది. లారీ హౌసింగ్ విప్పి క్రౌన్ పినియన్ సెట్ చేసే పనిమంతులు మన ఆటోనగర్లలో ఉన్నారు. ఆ పనితనం మీద మాకు గౌరవం ఉంది. కానీ లారీలో చేతి అంచనాకు దొరికే కొలత వేరు, కారు గేర్‌బాక్స్‌లో మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా లెక్కే. డయల్ గేజ్ పెట్టి కొలిచి చూపించే వాళ్లకే పని అప్పజెప్పండి. ఆయిల్ విషయంలోనూ అంతే. ‘డిఫరెన్షియల్ కదా’ అని జీఎల్-5 గ్రేడ్ గేర్ ఆయిల్ పోయనివ్వకండి. మీ గేర్‌బాక్స్‌లో సింక్రోలు ఉన్నాయి, వాటికి కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి.

ఇంకొక్క మాట, ఇన్సూరెన్స్ గురించి. మన మోటార్ పాలసీల్లో రేసింగు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే ఆ ఖర్చు మీదే అనుకుని లక్షన్నరలో కొంత ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

మొదటి రెండు ట్రాక్ డేలు మామూలు డిఫరెన్షియల్‌తోనే తిప్పండి. నిర్వాహకులు అనుమతిస్తే ఫెండర్ కింద చిన్న కెమెరా గట్టిగా బిగించి, ముందు కుడి చక్రం కనిపించేలా పెట్టండి. మద్రాస్ ట్రాక్ క్లాక్‌వైజ్ కాబట్టి కుడి మలుపులే ఎక్కువ, లోపలిది కుడి చక్రమే అవుతుంది. ఇంటికొచ్చాక ఒక ల్యాప్‌లో ఆ చక్రం ఎన్ని చోట్ల, ఎన్ని క్షణాలు ఉత్తినే తిరిగిందో రాసుకోండి. రెండు చోట్లకు మించకపోతే ఆ లక్షను టైర్లకు, ఎంట్రీ ఫీజులకు పెట్టడమే లాభం. నాలుగైదు చోట్ల తిరుగుతుంటే, కాలు వదిలినా తగ్గకపోతే, గేర్‌బాక్స్ కేసింగ్ మీద చెక్కిన అక్షరాల కోడ్ ఫొటో తీసి మాకు పంపండి. యూనిట్ ఆర్డర్ పెట్టాల్సింది కారు పేరును బట్టి కాదు, ఆ కోడ్‌ను బట్టి.